కరెంటు కోత, కరెంటు బిల్లు, డిస్కం అప్పు: తరచుగా అడిగే ప్రశ్నలు

విజయవాడ ఆటోనగర్‌లో చిన్న షెడ్లకు లెక్కలు రాయడం నా పని. నెల మొదటి వారం వచ్చిందంటే నా బల్ల మీద కరెంటు బిల్లులే ఎక్కువగా ఉంటాయి. లేత్ షెడ్డు బిల్లు, లారీ బాడీలు కట్టే షెడ్డు బిల్లు, వాటితోపాటు యజమాని ఇంటి బిల్లు, గుంటూరులో అద్దెకు ఉంటున్న ఆయన బావమరిది ఇంటి బిల్లు కూడా వస్తాయి. అందరూ అడిగేవి దాదాపు అవే ప్రశ్నలు. ఇన్నాళ్లూ ఒక్కొక్కరికి విడిగా చెప్పిన జవాబులను ఇక్కడ ఒకచోట రాస్తున్నాను.

జెన్‌కో, ట్రాన్స్‌కో, డిస్కం అని ఇన్ని సంస్థలు ఉన్నాయి కదా, మన బిల్లు ఎవరిది?

1959 నుంచి నలభై ఏళ్లపాటు అన్నీ రాష్ట్ర విద్యుత్ బోర్డు చేతిలోనే ఉండేవి. 1999 ఫిబ్రవరిలో బోర్డును విడదీసి కరెంటు తయారీని జెన్‌కోకు, పెద్ద లైన్లను ట్రాన్స్‌కోకు ఇచ్చారు. 2000లో పంపిణీని వేరుచేసి డిస్కంలకు అప్పగించారు. మన ప్రాంతం చాలాకాలం తిరుపతి కేంద్రంగా ఉన్న డిస్కం కింద ఉండేది. 2019 డిసెంబరులో ఉమ్మడి కృష్ణా, గుంటూరు, ప్రకాశం జిల్లాలను వేరుచేసి విజయవాడ కేంద్రంగా సీపీడీసీఎల్‌ను ఏర్పాటు చేశారు. మన బిల్లు ఆ సంస్థది. కానీ రేటు నిర్ణయించేది అది కాదు. ఆ అధికారం రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలిది. అందరూ ఈఆర్‌సీ అని పిలిచేది దాన్నే. ఇది గుర్తుంచుకోండి, కింది జవాబుల్లో చాలాసార్లు పనికొస్తుంది.

ఇబ్రహీంపట్నంలో అంత పెద్ద థర్మల్ కేంద్రం పక్కనే ఉంది. మరి మన ఊళ్లో కరెంటు ఎందుకు తీస్తారు?

ఇది నన్ను అందరికంటే ఎక్కువగా అడిగేది ఇబ్రహీంపట్నం, కొండపల్లి వాళ్లే. బూడిద తమ మీద పడుతుంటే వెలుగు ఇంకెక్కడికో పోతోందన్న బాధ ఆ ప్రశ్నలో ఉంది. ఆ బాధ న్యాయమైనదే.

ఇబ్రహీంపట్నంలోని ఆ కేంద్రం పేరు నార్ల తాతారావు థర్మల్ కేంద్రం. అందులో మొదటి యూనిట్ 1979లో మొదలైంది. 210 మెగావాట్ల యూనిట్లు ఆరు, ఆ తర్వాత 500 మెగావాట్లది ఒకటి, 2023లో 800 మెగావాట్లది ఇంకొకటి వచ్చాయి. మొత్తం 2,560 మెగావాట్లు. అక్కడ పుట్టిన కరెంటు నేరుగా మన వీధిలోకి రాదు. అది గ్రిడ్‌లో, అంటే పెద్ద లైన్ల వలలో కలిసిపోతుంది. చెరువులోకి ఎన్ని కాలువల నీళ్లు వచ్చినా తూము దగ్గర ఇవి ఫలానా కాలువ నీళ్లని చెప్పలేనట్టే, గ్రిడ్‌లో చేరిన కరెంటుకూ ఊరు పేరు ఉండదు. రాష్ట్రం మొత్తానికి వేసవిలో 13 వేల మెగావాట్ల దాకా కావాలి. ఇబ్రహీంపట్నం అందులో ఐదో వంతు.

అది కూడా అన్ని యూనిట్లూ నడిస్తేనే. ఒక యూనిట్ కరెంటుకు ముప్పావు కిలో దాకా బొగ్గు మండాలి. కేంద్రం పూర్తిగా నడిచిన రోజున 6 కోట్ల యూనిట్లకు పైగా వస్తుంది. లెక్కవేస్తే దానికి 40 వేల టన్నుల పైమాట బొగ్గు కావాలి. ఒక గూడ్సు రైలు తెచ్చేది సుమారు 4 వేల టన్నులు. అంటే ఒడిశాలోని తాల్చేరు నుంచి, సింగరేణి నుంచి రోజూ పది రైళ్లు రావాలి. వానాకాలంలో గనుల్లో నీళ్లు నిలిచినా, రైల్వే లైన్లో రద్దీ పెరిగినా, పాత బాకీ తీర్చలేదని బొగ్గు కంపెనీ సరఫరా తగ్గించినా ఆ ప్రభావం మన ఫీడర్ మీద, అంటే సబ్‌స్టేషన్ నుంచి మన ప్రాంతానికి వచ్చే లైను మీద పడుతుంది.

కరెంటు పోయిన ప్రతిసారీ అది కోతేనా?

కాదు. లైన్ మరమ్మతుకు ముందే చెప్పి తీసేది ఒక రకం. సిబ్బంది దాన్ని ఎల్‌సీ (లైన్ క్లియర్) తీసుకోవడం అంటారు. స్తంభం మీద పనిచేసే మనిషి ప్రాణం దానిమీద ఆధారపడి ఉంటుంది కాబట్టి ఆ గంట ఓర్చుకోవాలి. గాలివానకు చెట్టు కొమ్మ పడితే అది బ్రేక్‌డౌన్. గ్రిడ్‌లో కరెంటు చాలక పైనుంచి ఆదేశం వస్తే తీసేదే అసలైన కోత, వాళ్ల మాటలో లోడ్ రిలీఫ్.

ఊళ్లో ఎక్కువగా జరిగేది మరొకటి. మే నెలలో రాత్రి పదిన్నరకు మా వీధి చివరి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర నిలబడితే దాని మూలుగు ఇంటి గేటు దాకా వినిపిస్తుంది. పదిహేనేళ్ల కిందట అది పెట్టినప్పుడు వీధిలో ఏసీలు రెండో మూడో ఉండేవి. ఇప్పుడు అద్దె వాటాల్లో కూడా ఏసీలు ఉన్నాయి. పదకొండు దాటాక ఒక ఫేజు ఫ్యూజు ఎగిరిపోతుంది. లైన్‌మన్ వచ్చి టార్చి వెలుగులో తీగ మార్చి వెళతాడు, గంటకు మళ్లీ పోతుంది. ఆ రాత్రి రాష్ట్రంలో కరెంటు కొరత ఏమీ లేదు. కరెంటు సబ్‌స్టేషన్ దాకా వచ్చి మన వీధిలోకి రాలేకపోయింది. ట్రాన్స్‌ఫార్మర్ మార్చడానికి పెట్టుబడి కావాలి, ఆ డబ్బు డిస్కం దగ్గర ఉండాలి. ఆ డబ్బు ఎందుకు ఉండదో కింద రాశాను.

2024 సెప్టెంబరులో బుడమేరు వరద సింగ్‌నగర్ వైపు ముంచెత్తినప్పుడు కరెంటు తీసేయడాన్ని మాత్రం కోత అనకూడదు. మీటరు బోర్డు నీళ్లలో ఉండగా సరఫరా ఇస్తే ప్రాణాలు పోతాయి.

2022 ఏప్రిల్‌లో పవర్ హాలిడే ఎందుకు ఇచ్చారు?

ఆ రెండు వారాలను ఆటోనగర్‌లో ఎవరూ మరచిపోలేదు. వారాంతపు సెలవుకు తోడు ఇంకో రోజు మూసుకోవాలని పరిశ్రమలకు ఆదేశం వచ్చింది. నిరంతరం నడవాల్సిన పరిశ్రమలకు సగం కరెంటే వాడాలన్నారు. నేను లెక్కలు రాసే ఒక షెడ్డులో లారీ క్యాబిన్ సగం అతికి సగం తెరిచి ఉంది. వెల్డింగ్ మెషీన్ ఆగిపోతే వెల్డర్, ఇద్దరు హెల్పర్లు ఇనుప రేకుల నీడలో కూర్చున్నారు. వాళ్లవి రోజు కూలి బతుకులు. ఆ రోజు యజమాని వాళ్లకు సగం కూలి ఇచ్చాడు. లారీ యజమాని మాత్రం బండి ఆలస్యమైందని బిల్లులో కోత పెట్టాడు. ఆ నెల కూలీల రిజిస్టరులో సగం సగం అంకెలు రాయడం నాకు చాలా కష్టంగా అనిపించింది.

కారణాలు ఒకేసారి వచ్చి పడ్డాయి. కరోనా తర్వాత పరిశ్రమలు పుంజుకున్నాయి, మార్చి నుంచే ఎండలు ముదిరాయి, వాడకం ఒక్కసారిగా పెరిగింది. ఉక్రెయిన్ యుద్ధంతో విదేశీ బొగ్గు ధర మండిపోయింది. దాంతో విదేశీ బొగ్గు మీద ఆధారపడిన కేంద్రాలు ఆగిపోయాయి, దేశీయ బొగ్గు మీద ఒత్తిడి పెరిగింది. కొందామని కరెంటు కొని అమ్మే మార్కెట్ అయిన పవర్ ఎక్స్ఛేంజీకి వెళితే అక్కడ దేశంలోని డిస్కంలన్నీ వరుసలో నిలబడి ఉన్నాయి. ఆ ముందు అక్టోబరులోనే బొగ్గు నిల్వలు అడుగంటి ఎక్స్ఛేంజీలో యూనిట్ ధర 20 రూపాయలను తాకింది. అది హెచ్చరిక. ఆరు నెలల వ్యవధి దొరికినా ఏప్రిల్ నాటికి సిద్ధం కాలేకపోయాం.

ఎక్స్ఛేంజీలో ధరకు పరిమితి పెట్టారు కదా, అది మనకు మంచిదేగా?

కొంతవరకే మంచిది. ఈ ఒక్క విషయం అర్థమైతే మిగతావన్నీ తేలికవుతాయి కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

ఎక్స్ఛేంజీలో రోజును పదిహేను నిమిషాల చొప్పున 96 ముక్కలు చేసి, ఒక్కో ముక్కకు విడిగా బేరం నడుపుతారు. 2022 ఏప్రిల్‌లో ధర 20 రూపాయల దాకా పోతుండగా కేంద్ర విద్యుత్ నియంత్రణ సంస్థ 12 రూపాయల పరిమితి విధించింది. 2023 ఏప్రిల్‌లో దాన్ని 10కి తగ్గించింది. పరిమితి లేకపోతే అమ్మేవాళ్లు మన అవసరాన్ని చూసి నోటికొచ్చిన ధర చెబుతారు, డిస్కం ఒక్క నెలలోనే కుదేలవుతుంది. కాబట్టి పరిమితి ఉండాల్సిందే.

కానీ పరిమితి పెట్టినంత మాత్రాన కొత్తగా ఒక్క యూనిట్ కూడా పుట్టదు. ధర 12 దగ్గర ఆగింది, కొంటామనేవాళ్లు మాత్రం అమ్మేవాళ్ల కంటే ఎన్నో రెట్లు ఉన్నారు. అప్పుడు ఉన్నదాన్ని తలా కొంచెం పంచుతారు. వెయ్యి మెగావాట్లు అడిగిన రాష్ట్రానికి దొరికేది అందులో కొద్ది భాగమే. మిగిలింది ఫీడర్ల మీద కోతగా మారుతుంది. మరోవైపు విదేశీ బొగ్గుతో యూనిట్ తయారీకి 12 కంటే ఎక్కువ ఖర్చయ్యే కేంద్రం తలుపులు మూసుకుంటుంది. చివరికి 2022 మే 5న కేంద్ర ప్రభుత్వం విద్యుత్ చట్టం 11వ సెక్షన్‌ను వాడి, విదేశీ బొగ్గు కేంద్రాలన్నీ నడిచి తీరాలని, వాటి ఖర్చుకు తగ్గ ధర వేరేగా లెక్కగట్టి ఇస్తామని ఆదేశించాల్సి వచ్చింది. అంటే ఒక చేత్తో ధరను ఆపి, రెండో చేత్తో అసలు ఖర్చు చెల్లించారు.

ధరను ఆపవచ్చు గానీ ఖర్చును ఆపలేం. ఆపిన ఖర్చు కోతగానో, అప్పుగానో, మూడేళ్ల తర్వాత సర్దుబాటు ఛార్జీగానో తిరిగొస్తుంది.

2012లో ఇంకా ఘోరంగా ఉండేది కదా?

ఉండేది. పరిశ్రమలకు వారానికి మూడు రోజుల పవర్ హాలిడే నడిచిన కాలం అది. కృష్ణా గోదావరి బేసిన్‌లో గ్యాస్ పడిపోయి కొండపల్లి వైపు గ్యాస్ విద్యుత్ కేంద్రాలకు ఇంధనం లేకుండా పోయింది. ఉత్తరాది నుంచి కొనుక్కుందామంటే దక్షిణాది గ్రిడ్ అప్పటికి మిగతా దేశంతో పూర్తిగా కలవలేదు, తెచ్చుకునే దారి ఇరుకు. అందువల్లే 2012 జులై 30, 31 తేదీల్లో ఉత్తర, తూర్పు, ఈశాన్య రాష్ట్రాలు చీకట్లో మునిగినప్పుడు మనం బయటపడ్డాం. అందువల్లే కొరత ఉన్నప్పుడు దేశంలో కరెంటు ఉన్నా మనకు అందలేదు కూడా. దక్షిణాది గ్రిడ్‌ను మిగతా దేశంతో కలిపే రాయచూరు, సోలాపూర్ పెద్ద లైను 2013 డిసెంబరు 31న మొదలయ్యాక పరిస్థితి మారింది. ఎఫ్‌ఎస్‌ఏ పేరుతో పాత నెలల ఇంధన ఖర్చు అప్పుడు కూడా బిల్లుల్లోకి వచ్చింది. ఈ బాధ మనకు కొత్తది కాదు.

నా వాడకం 225 యూనిట్లు దాటింది. మొత్తానికీ 8.75 రూపాయలు వేస్తారా?

వేయరు. 2022 మార్చి దాకా ఏ, బీ, సీ అనే గ్రూపులు ఉండేవి. వాటిలో గీత దాటితే మొదటి యూనిట్ నుంచే రేటు మారేది. ఆ భయం జనంలో ఇంకా పోలేదు. 2022 ఏప్రిల్ నుంచి ప్రతి ఇంటికీ ఒకే మెట్ల వరుస. మొదటి 30 యూనిట్లకు 1.90, 75 దాకా 3, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75, ఆపైన 9.75 రూపాయలు.

250 యూనిట్లు కాల్చారనుకోండి. వరుసగా 57, 135, 225, 600 రూపాయలు, చివరి 25 యూనిట్లకు 218.75. మొత్తం 1,235.75. సగటున యూనిట్‌కు ఐదు రూపాయల లోపే. దీనికి స్థిర ఛార్జీ, వినియోగదారు ఛార్జీ, యూనిట్‌కు 6 పైసల విద్యుత్ సుంకం తోడవుతాయి. వాటి కింద వచ్చే వరుసల గురించే అసలు గొడవ.

2022 నుంచి రేట్లు పెంచలేదని చెబుతున్నారు. మరి బిల్లు ఎందుకు పెరిగింది?

రేటు పెరగలేదన్నది నిజమే. బిల్లు పెరిగిందన్నదీ నిజమే.

ఏటా నవంబరు చివరికి డిస్కంలు వచ్చే ఏడాదికి ఎంత కరెంటు కొనాలి, ఎంత ఖర్చవుతుంది అని ఈఆర్‌సీకి లెక్క ఇస్తాయి. డిస్కం ఖర్చులో ముప్పావు భాగానికి పైగా కరెంటు కొనుగోలుకే పోతుంది. ఆ అంచనా మీదే ఏప్రిల్ 1 నుంచి రేట్లు అమలవుతాయి. తర్వాత అసలు ఖర్చు అంచనాను దాటితే ఆ తేడాను ట్రూఅప్ పేరుతోనో, ఇంధన సర్దుబాటు పేరుతోనో తర్వాత వసూలు చేస్తారు. లెక్కగా చూస్తే ఇందులో తప్పులేదు. తప్పంతా ఆలస్యంలో ఉంది.

2014 నుంచి 2019 దాకా పంపిణీ ఖర్చులో వచ్చిన తేడా సుమారు 2,910 కోట్ల రూపాయలు. దాన్ని 2022 ఆగస్టు నుంచి వసూలు చేశారు. మన ప్రాంతంలో యూనిట్‌కు 22 పైసల చొప్పున 36 నెలలు. 2023లో నెలనెలా ఇంధన సర్దుబాటు కింద యూనిట్‌కు 40 పైసలు మొదలయ్యాయి. 2022-23లో కొన్న కరెంటు తాలూకు 6 వేల కోట్ల పైచిలుకు 2024 డిసెంబరు నుంచి, 2023-24 తాలూకు 9,400 కోట్ల పైచిలుకు 2025 జనవరి నుంచి బిల్లుల్లోకి ఎక్కాయి. 200 యూనిట్లు వాడే ఇంటికి 22 పైసలంటే 44 రూపాయలు, 40 పైసలంటే 80. ఒక్కొక్కటి చిన్నదే. మూడు నాలుగు వరుసలు కలిసేసరికి నెలకు ఒక గ్యాస్ బండలో పావు వంతు, సగం.

నేను 2024లో ఈ ఇంట్లో అద్దెకు దిగాను. 2022లో ఎవరో వాడిన దానికి నేనెందుకు కట్టాలి?

మీరు కట్టకూడదు. కానీ కట్టాల్సి వస్తోంది.

సర్దుబాటు ఛార్జీ మనిషి వెంట పోదు, సర్వీసు నంబరు వెంట పోతుంది. 2022లో అదే నెలలో ఆ మీటరు మీద ఎన్ని యూనిట్లు కాలాయో చూసి ఛార్జీ వేస్తారు. పటమటలో ఒక పై వాటాలో దిగిన దంపతులు నాకు బిల్లు చూపించారు. ఇద్దరూ పొద్దున వెళ్లి రాత్రికి వచ్చే ఉద్యోగులు, వాళ్ల వాడకం 90 యూనిట్లు. సర్దుబాటు వేసింది మాత్రం 310 యూనిట్ల మీద. అంతకుముందు అక్కడ ఏడుగురు ఉన్న కుటుంబం ఉండేదని కింది వాటా వాళ్లు చెప్పారు. ఆ కుటుంబం ఇప్పుడు ఎక్కడుందో ఇంటి యజమానికి కూడా తెలియదు.

ఈ పద్ధతి అన్యాయం అని నేను గట్టిగా నమ్ముతున్నాను. ధర ఆ నెలలోనే తెలిస్తే ఆ కుటుంబం ఏసీ ఒక గంట తగ్గించుకునేది, లేదా తన ఖర్చు తానే కట్టుకునేది. రెండేళ్ల తర్వాత చెబితే తగ్గించుకునే అవకాశం ఎవరికీ లేదు. చిన్న దుకాణదారుడి పరిస్థితి ఇంకా ఇబ్బంది. 2022లో అమ్మిన సరుకు ధరలోకి 2025లో వచ్చిన కరెంటు ఖర్చును ఎలా కలుపుతాడు? అద్దెకు దిగేటప్పుడు పాత సర్దుబాట్లు యజమానివేనని ఒప్పంద పత్రంలో ఒక వాక్యం రాయించుకోండి. ప్రస్తుతానికి మన చేతిలో ఉన్నది అంతే.

సర్దుబాటు ఎప్పుడూ పైకేనా, తగ్గదా?

తగ్గింది. 2024-25లో అంచనా కంటే తక్కువ ఖర్చయినందుకు సుమారు 923 కోట్లు వినియోగదారులకు తిరిగివ్వాలని ఈఆర్‌సీ 2025లో ఆదేశించింది. 2025 నవంబరు నుంచి యూనిట్‌కు 13 పైసల తగ్గింపు అదే.

యూనిట్‌కు ఏడు రూపాయల దాకా ఖర్చవుతుంటే 1.90కి ఎలా ఇస్తున్నారు?

తేడాను ఇద్దరు భరిస్తారు. ఒకరు ఎక్కువ రేటు కట్టే వ్యాపారులు, పరిశ్రమలు, ఎక్కువ వాడే ఇళ్లు. రెండోది రాష్ట్ర ప్రభుత్వం. ప్రభుత్వం ఎవరికైనా తక్కువ ధరకు ఇవ్వమంటే ఆ తేడాను ముందుగానే డిస్కంకు చెల్లించాలని 2003 విద్యుత్ చట్టం 65వ సెక్షన్ చెబుతోంది. ముందుగానే అన్న మాట చట్టంలోనే ఉంది. మన రాష్ట్రంలో ఈ మొత్తం ఏటా 10 వేల కోట్లు దాటుతోంది. బడ్జెట్‌లో అంకె కనిపించడం, డిస్కం ఖాతాలో డబ్బు పడటం రెండూ వేర్వేరు రోజుల్లో జరుగుతాయి. ఆ మధ్యకాలానికి డిస్కం అప్పు తెస్తుంది. ఆ వడ్డీ కూడా చివరికి మనమే కడతాం.

అంటే రైతుల ఉచిత కరెంటు వల్లే డిస్కంలు మునిగాయా?

ఈ మాట ఊళ్లో తేలికగా అనేస్తారు, నేను ఒప్పుకోను. 2000 ఆగస్టులో ఛార్జీల పెంపు మీద జరిగిన ఉద్యమం, బషీర్‌బాగ్ కాల్పులు చూసినవాళ్లకు కరెంటు ధర జనానికి ఎంత బరువో తెలుసు. 2004 మేలో రైతులకు ఉచిత విద్యుత్ ఫైలు మీద తొలి సంతకం పడింది. ఆ తర్వాత ఏ ప్రభుత్వమూ దాన్ని తీసేయలేదు. బోరు మీద బతికే పల్నాడు మెట్ట రైతు యూనిట్‌కు ఏడు రూపాయలు కట్టి పంట పండించలేడు. ఇవ్వాలనుకుంటే ఇవ్వాలి. కానీ దాని ఖర్చు ప్రభుత్వం సమయానికి డిస్కంకు కట్టాలి. రైతుకు ఇచ్చిన కరెంటు అప్పు కాదు, ప్రభుత్వం కట్టని సబ్సిడీ అప్పు. పంపుసెట్లకు మీటర్లు లేనిచోట వాడకం అంచనాయే కాబట్టి వేరేచోట పోయిన కరెంటును కూడా రైతు ఖాతాలో రాసే వీలుంటుందన్నది నా ఇంకో అభ్యంతరం.

డిస్కం డబ్బు ఇంకా ఎక్కడ ఇరుక్కుంటుంది? బాకీ తీర్చకపోతే ఏమవుతుంది?

పంచాయతీ వీధి దీపాలు, మంచినీటి పంపులు, ప్రభుత్వ కార్యాలయాల బిల్లులు నెలల తరబడి పేరుకుపోతాయి. మన ఇంట్లో బిల్లు ఆగితే పదిహేను రోజుల నోటీసు ఇచ్చి కనెక్షన్ తీసేస్తారు. మంచినీటి పంపు కనెక్షన్ తీయలేరు, తీయకూడదు కూడా. ఆ బాకీ కాగితం మీద ఆదాయంగా కనిపిస్తుంది గానీ చేతికి రాదు.

డిస్కం చేతిలో నగదు లేకపోతే కరెంటు అమ్మినవాళ్లకు ఆలస్యంగా చెల్లిస్తుంది, దానిమీద జరిమానా వడ్డీ పడుతుంది. 2019లో పవన, సౌర ఒప్పందాల ధరలు ఎక్కువని ప్రభుత్వం సమీక్షకు పూనుకుంది. కంపెనీలకు చాలాకాలం మధ్యంతర ధరే అందింది. ఒప్పందంలో ఉన్న ధరే చెల్లించాలని 2022 మార్చిలో హైకోర్టు తీర్పు ఇచ్చింది. ఆ ఒప్పందాల్లో ధర ఎక్కువా కాదా అన్నది చర్చించాల్సిన విషయమే. కానీ సంతకం పెట్టే ముందు చేయాల్సిన చర్చను తర్వాత చేస్తే ఆ బరువు మన మీదే పడుతుంది.

బాకీలు పేరుకుంటే మార్కెట్‌లోకి రానివ్వరు కూడా. 2022 జూన్‌లో కేంద్రం కొత్త నిబంధనలు తెచ్చింది. ఆగస్టులో బాకీలున్న 13 రాష్ట్రాల డిస్కంలను ఎక్స్ఛేంజీలో కొనకుండా ఆపేశారు. ఆ జాబితాలో మన రాష్ట్రం పేరు కూడా ఉంది. అంతకుముందు 2015లో వచ్చిన ఉదయ్ పథకంలో డిస్కంల అప్పులో 75 శాతాన్ని రాష్ట్రాలు నెత్తికెత్తుకున్నాయి. అప్పు ఒక పుస్తకం నుంచి ఇంకో పుస్తకంలోకి మారింది. కొత్త అప్పు పుట్టే దారి మూసుకుపోలేదు.

గంట కరెంటు పోతే నష్టం ఎంతని?

గుంటూరు శీతల గిడ్డంగిలో అడగండి. మార్చి నుంచి మిర్చి యార్డు నిండిపోతుంది, మంచి ధర కోసం ఆగే రైతుల టిక్కీలు (మిర్చి బస్తాలు) గిడ్డంగులకు చేరతాయి. నాకు తెలిసిన ఒక గిడ్డంగి గుమస్తా దగ్గర పొడుగాటి రిజిస్టరు ఉంటుంది. గది నంబరు, సమయం, ఉష్ణోగ్రత, పక్కన జనరేటరు ఎప్పుడు వేశారు, ఎప్పుడు ఆపారు అన్నవి అందులో రాస్తాడు. బయట 44 డిగ్రీలు, లోపల చలికి వేళ్లు కొంకర్లు పోతాయి. కంప్రెసర్ ఆగి గది వేడెక్కితే మిర్చికి చెమ్మ పడుతుంది, రంగు పోతుంది. రంగు పోయిన కాయకు యార్డులో ధర పలకదు. అందుకని కరెంటు పోగానే జనరేటరు మొదలవుతుంది. లీటరు డీజిలుకు మూడు, మూడున్నర యూనిట్లు వస్తాయి. అంటే ఆ కరెంటు యూనిట్ 30 రూపాయల చుట్టుపక్కల పడుతుంది.

పదికో పన్నెండుకో కొనడం భారమని డిస్కం వదిలేసిన కరెంటును గుంటూరు రైతు, గిడ్డంగి యజమాని కలిసి ముప్పైకి కొంటున్నారు. ఈ ఖర్చు ఏ డిస్కం లెక్కలోనూ కనిపించదు, ఈఆర్‌సీ ఉత్తర్వులోనూ ఉండదు. అందుకే కోతే అన్నింటికంటే ఖరీదైన కరెంటు అని నేను వచ్చినవాళ్లందరికీ చెబుతుంటాను.

బిల్లులో ఏసీడీ అని వేశారు. అది జరిమానానా?

కాదు, అదనపు వినియోగ డిపాజిట్. మీ సగటు వాడకంలో రెండు నెలల బిల్లుకు సరిపడా డిపాజిట్ లేకపోతే ఏడాదికోసారి తేడా అడుగుతారు. అది మీ డబ్బే, దానిమీద ఏటా వడ్డీ కలపాలి. ఆ వడ్డీ బిల్లులో జమ అయిందో లేదో చూసుకోండి, చాలామంది చూసుకోరు.

ఇంటిమీద సోలార్ పెడితే ఈ గొడవ తీరుతుందా?

బిల్లు బాగా తగ్గుతుంది. 2024 ఫిబ్రవరిలో వచ్చిన పీఎం సూర్యఘర్ కింద 2 కిలోవాట్ల దాకా కిలోవాట్‌కు 30 వేలు, 3 కిలోవాట్లకు 78 వేల రూపాయల రాయితీ ఉంది. నెలకు 300 యూనిట్లు దాటేవాళ్లు ఆలోచించాల్సిన విషయమే. అయితే బ్యాటరీ లేని సోలార్ కరెంటు పోయినప్పుడు తానూ ఆగిపోతుంది. లైన్ మీద పనిచేసేవాళ్ల భద్రత కోసం అలా ఏర్పాటు చేశారు. పలకలు పెట్టించుకుని ఇన్వర్టరు తీసేసినవాళ్లు మొదటి కోత రోజున నాకు ఫోన్ చేశారు. రాష్ట్రానికి కూడా ఇప్పుడు మధ్యాహ్నం కరెంటుకు కొరత లేదు. కొరత అంతా సాయంత్రం దీపాలు పెట్టే వేళ నుంచి రాత్రి పదకొండు దాకా.

ఈఆర్‌సీ ప్రజాభిప్రాయ సేకరణకు వెళితే ఫలితం ఉంటుందా?

ఉంటుంది. ఏటా జనవరి ప్రాంతంలో విచారణ జరుగుతుంది. డిస్కం ఇచ్చిన లెక్కల మీద ఎవరైనా లిఖితపూర్వకంగా అభ్యంతరం చెప్పవచ్చు, లాయరు అక్కర్లేదు, రుసుము లేదు. డిస్కం దానికి జవాబు ఇవ్వాలి, ఆ జవాబు ఈఆర్‌సీ ఉత్తర్వులో అచ్చవుతుంది.

ఛార్జీలు పెంచవద్దు అని ఒక్క మాట రాస్తే దానికి బలం ఉండదు. మూడు అడగండి. ఎక్స్ఛేంజీలో ఏ నెల ఎంతకు కొన్నారు, దానికంటే చౌకైన సొంత కేంద్రం ఆ రోజు ఎందుకు ఆగి ఉంది? ప్రభుత్వం నుంచి రావాల్సిన సబ్సిడీ ఏ తేదీన వచ్చింది, ఆలస్యానికి వడ్డీ ఎంత? సర్దుబాటును అదే ఏడాదిలో ఎందుకు తేల్చలేదు? ఇలాంటి బాకీలను ఏళ్లతరబడి పేర్చుకుంటూ పోకూడదని 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు కూడా చెప్పింది కాబట్టి మూడో ప్రశ్నకు ఇప్పుడు బలం పెరిగింది. మా ఆటోనగర్ నుంచి వెళ్లే నలుగురైదుగురం ఏటా ఇవే అడుగుతున్నాం. ఇంకా ఎక్కువమంది అడగాలి.

మామూలు ఫిర్యాదు ఎక్కడ చేయాలి?

ముందు 1912కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు రాసుకోండి. లైన్‌మన్‌కు నేరుగా ఫోన్ చేస్తే పని త్వరగా అవుతుంది నిజమే, కానీ ఆ ఫిర్యాదుకు ఆధారం ఉండదు. నగరాల్లో ఫ్యూజు పోతే నాలుగు పని గంటల్లో, ట్రాన్స్‌ఫార్మర్ కాలితే 24 గంటల్లో, పల్లెల్లో అయితే 48 గంటల్లో సరిచేయాలన్నది ప్రమాణం. దాటితే పరిహారం అడిగే హక్కు మీకు ఉంది. అక్కడ తేలకపోతే డిస్కంలోని వినియోగదారుల సమస్యల పరిష్కార వేదికకు, అక్కడా న్యాయం జరగకపోతే విద్యుత్ అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు. రెండింటికీ ఖర్చు లేదు.

బిల్లు మీద వివాదమైతే పాత బిల్లులు కావాలి. మీటరు రీడరు చేతి యంత్రంలోంచి వచ్చే ఆ పలుచని కాగితం మీద అక్షరాలు ఒక్క వేసవికే వెలిసిపోతాయి. నెలనెలా బిల్లు అందిన రోజే ఫోనులో ఫొటో తీసి, సర్వీసు నంబరు పేరుతో దాచిపెట్టుకోండి. పటమట దంపతుల దగ్గర తాము దిగిన నెల మీటరు రీడింగు ఫొటో ఉంది కాబట్టే వాళ్ల అర్జీకి ఒక అంకె దొరికింది.